నోరు మూయు శాసనము

న్యాయమైన శాసన మేది, అన్యాయమైన శాసన మేది యని యడిగినచో మనలో చదువుకొన్నవారు తడుముకొనక చెప్పు సమాధాన మొకటి యున్నది. ప్రజలు తమకు తాము చేసికొన్నది న్యాయము. ప్రభువు ప్రజల నెత్తిన రుద్దినది అన్యాయము. తెలంగాణమున పుట్టి పెరిగిన మాకు ఈ సమాధానము ఉగ్గుబాలతో వచ్చినది. మా తాతలు నిజాము పాలనను చూచినవారు. మా పాఠ్యపుస్తకములు ఆ పాలన నెదిరించిన కవుల పద్యములతో నిండినవి. ఇరువదియేండ్లుగా ఆర్మూరులో తెలుగు చెప్పుచున్న నేనును పిల్లలకు ఇదే నేర్పుచు వచ్చితిని. గడచిన పసుపు త్రవ్వకముల కాలమున ఒక సంగతి జరిగినది. అది జరిగిన పిదప నేను నేర్పుచున్న పాఠము సగమే సత్యమని తోచినది. ఆ సంగతిని తుదకు విన్నవించెదను. దానికి ముందు, నాకీ పాఠమును నేర్పిన గ్రంథములను మఱల విప్పి చూడవలసియున్నది. ఏలయన రెండవ సగమును వానిలోనే కలదు. నేనే దానిని చదివియు చదువనివాడ నైతిని.

సంస్కృతము చదివినవారికి న్యాయస్థానమనగనే శూద్రకుని మృచ్ఛకటికమందలి తొమ్మిదవ యంకము జ్ఞప్తికి వచ్చును. చారుదత్తుడు వసంతసేనను చంపెనని రాజు బావమఱది శకారుడు అభియోగము తెచ్చును. న్యాయాధిపతి చెడ్డవాడు కాడు. సాక్ష్యము వినును, నిందితుని ముఖము చూచి, ఇట్టివాడు హత్య చేయునా యని కలతపడును. కాని నేడు నీ వ్యవహారము చూడజాలమని ఆయన మొదట చెప్పి పంపినప్పుడు, రాజుతో చెప్పి నిన్నీ పీఠమునుండి తొలగింపించెదనని శకారుడు బెదరించును. వెంటనే విచారణ మొదలగును. తుదకు నేరము రుజువైనట్లు తేలును. అయినను మనుధర్మము ననుసరించి బ్రాహ్మణుడు వధ్యుడు కాడనియు, ఆస్తితోగూడ దేశమునుండి వెడలగొట్టుటయే తగుననియు న్యాయాధిపతి రాజునకు నివేదించును. రాజగు పాలకుడు ఆ మాటను త్రోసిపుచ్చి శూలమున కెక్కింపుడని యాజ్ఞాపించును.

నేను కళాశాలలో చదువునాడు ఈ ఘట్టమునకు మేము వ్రాసిన వ్యాఖ్యానము తేలికైనది. శాస్త్రము మంచిది, రాజు చెడ్డవాడు, అంతే. అట్లు వ్రాసియే మార్కులు తెచ్చుకొంటిమి. రాజు త్రోసిపుచ్చిన యా శాస్త్రము మాత్రము న్యాయమా యని మే మడుగలేదు. ఒకే నేరమునకు ఒక కులమువానికి దేశబహిష్కారము, మఱియొక కులమువానికి కంఠచ్ఛేదము విధించు శాసనమును, మనకు ప్రియుడైన నాయకుని ప్రాణము కాపాడుచున్నది గనుక మంచిదనుకొంటిమి. నాటకము చూచువాడు చారుదత్తునివైపు నుండును; కావున చారుదత్తునకు మేలుచేయు శాసనము వానికి న్యాయముగనే కనిపించును. శాసనములను గూర్చి మనము చేయు తీర్పులలో ఎన్ని ఇట్టివో!

శూద్రకుడు మనకంటె దూరము చూచినవాడు. ఆ హత్యాప్రయత్నపు నిజ మెఱిగినవా డొకడు గలడు: శకారుని బానిస స్థావరకుడు. అతడు నోరు విప్పిన నాటకము ముగియును. అందుచేత శకారుడు వానికి సంకెలలు వేసి మేడమీద బంధించును. చారుదత్తుని వధ్యస్థానమునకు తీసికొనిపోవు చప్పుడు విని స్థావరకుడు కిటికీగుండ క్రిందికి దుమికి వచ్చి నిజము చెప్పును. ఎవరు నమ్మిరి? వీడు నా బంగారము దొంగిలింపగా కొట్టితిని, ఆ కసితో చెప్పుచున్నాడని శకారు డొక్కమాట యనగనే కథ ముగిసెను. బానిసత్వమన నిట్టిది, సత్యము పలికినను ఎవరిని నమ్మింపజాలదని స్థావరకుడు వాపోవును. నా దృష్టిలో ఆ నాటకమునకు ఆయువుపట్టు న్యాయస్థానము కాదు, ఆ మాట. శాసనము పుస్తకమున నెట్లున్నను, దాని బరువు మోయువాని నోట సంకెల యున్నంతవఱకు అది న్యాయము చేయలే దని కవి మనకు చూపినాడు. ఈ సంకెలను మనస్సున నుంచుకొని మన దేశపు చరిత్రకు వత్తము.

హైదరాబాదు సంస్థానమున 1929లో గస్తీ నిషాన్ తిర్పన్ అను ఉత్తరువు వెలువడినది. గస్తీ యనగా సర్క్యులరు. తిర్పన్ అనగా 53. ముందుగా సర్కారు అనుమతి లేనిదే సభలు జరుపరాదనుట దాని సారము. దానికి ముందే ఖాన్గీ పాఠశాలల నిబంధన లుండెను. ఒక పంతులు నలుగురు పిల్లలను కూర్చుండబెట్టుకొని ఓనమాలు దిద్దించుటకును సెలవు పొందవలసినదే. పైకి చూడ ఈ రెండును స్వల్పములు. గస్తీ యెవని పొలమును లాగుకొనలేదు, ఎవని పంటను కొల్లగొట్టలేదు, ఎవని వీపుపై కొరడా నాడింపలేదు. ఆ పనులను చేయుటకు వేఱు శాసనములును, శాసనముల యక్కఱయే లేని దేశముఖులును ఉండిరి. గస్తీ చేసినదెల్ల ఒక్కటే. తక్కిన యన్యాయములను గూర్చి పదిమంది కూడి మాటలాడుకొను చోటును మూసివేసినది. వైద్యుని చంపిన రోగము వంటిది అది.

ఆ గస్తీ నీడలోనే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు జరిగినది. ఆ యేడే గాంధీమహాత్ముడు దండికి నడచి ఉప్పుచట్టమును ధిక్కరించెను. కోస్తాజిల్లాలలో జనులు ఉప్పు వండి చెఱకు పోవుచుండిరి. ఇచ్చట మనవారు సభకై దరఖాస్తులు పెట్టుకొనుచుండిరి. నేటి యువకులకు ఇది పిరికితనముగా దోపవచ్చును. నాకట్లు దోపదు. అనుమతి తెచ్చుకొని కూడి, ఆ కూడిన సభలోనే, ఈ గస్తీని రద్దుచేయవలెనని తీర్మానించినవారు వారు. ఇచ్చిన యింత నోటితోనే, తీసికొన్న నోటిని మఱల ఇమ్మని యడిగిరి. 1937లో మందుముల నర్సింగరావుగారి యధ్యక్షతన ఆరవ మహాసభ మా నిజామాబాదులోనే జరిగినది. శాసనమును మీరుటయొకటే ధైర్యమని తలంచువారు, దానిని నిలువునా ప్రశ్నించి మార్పించుటకు పట్టు ఓర్పును లెక్కింపరు.

ఓర్పునకు హద్దు లేకపోలేదు. నిజాము పాలన తుదిదినములలో దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియును నిజామాబాదు కోటలోని చెఱసాలలో నుండిరి. కాగితమును కలమును లేనిచోట దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. ఈ కథ మా మండలములో చిన్నపిల్లలకును తెలియును. 1949లో అగ్నిధార అచ్చయినది. కవి దానిని ఆ చెఱసాల చెలికానికే, ఆళ్వారుస్వామికే, అంకితమిచ్చెను. అగ్నిధారను విమర్శించుట కాక పూజించుట మనకు అలవాటైనది. అందలి పద్యములు నడచు వేగము, సంస్కృతసమాసముల నడుమ హఠాత్తుగా వెలుగు తెలంగాణపు నేల, రాజును పేరుపెట్టి నిలదీయు తెగువ, ఇవి నిజముగనే పూజార్హములు. సభ జరుపరాదన్న రాజ్యమునకు, చెఱసాల గోడయు సభయే కాగలదని సమాధానము చెప్పిన కావ్యమది. శాసనముచే మూతబడిన నోరు విచ్చుకొనునప్పుడు ఎంతటి ధ్వని పుట్టునో తెలియవలెనన్న దానినే చదువవలెను.

కాని తరగతిగదిలో దానిని ఇరువదిసారులు చెప్పినవానిగా ఒక మాట చెప్పక తప్పదు. ఆ కావ్యమున శత్రువు ఒక్కడు. అతడు మనకు వెలుపల నున్నాడు. అతనికి సింహాసనమున్నది, గుఱుతుపట్టుట సులభము. పద్యము ముగియుసరికి పిల్లల కన్నులు మెఱయును, పిడికిళ్లు బిగియును. కాని తాము చేసిన తప్పేమైన గలదా యని యొక్కడును తన్ను తాను చూచుకొనడు. ఇది కవి దోషము కాదు. అగ్గి మండుచున్న యింటిలో నున్నవాడు నిప్పుపెట్టినవానినే కేకలు వేయును. ఆ యిల్లు ఆరిపోయిన డెబ్బదియేండ్లకు పిదపను, ఆ కేకనే మన సంపూర్ణ న్యాయశాస్త్రముగా నేర్పుచుండుట మా ఉపాధ్యాయుల దోషము.

ఆ దోషమునకు మందు చెఱసాలలో పక్కననే యున్నది. ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ మండలమున బీదయింట పుట్టి, ఒకరి యింట వంటచేసి, హోటలులో సర్వరుగా పనిచేసి, తనంత తాను చదువుకొన్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొనిపోయి అమ్మినవాడు. ఆయన నవల ప్రజల మనిషియు, జైలు లోపల యను కథలును 1950వ దశకమున వెలువడినవి. ఆయన వచనమునకు అలంకారములు లేవు. సంభాషణలు కొన్నిచోట్ల ఉపన్యాసములగును. శిల్పము నెంచువారు పేజీకొక తప్పు చూపగలరు. అయినను శాసనములను గూర్చి అగ్నిధార చెప్పని దొకటి ఆయన చెప్పినాడు. ప్రజల మనిషిలో దొర రామభూపాలరావు చేయు దౌర్జన్యములలో చాలవానికి ఆధారమైన శాసనము లేదు. పైగా శాసనము కొన్నింటిని వలదనుచున్నది. అయినను అవి జరుగుచునే యున్నవి.

ఇది కల్పన కాదు. వెట్టిని కట్టడిచేయుచు నిజాము సర్కారు ఉత్తరువులు వెలువరించియే యున్నది. అప్పు పేరిట మనిషిని కట్టివేయు భగేలా ఒప్పందములను హద్దులో నుంచుటకు 1936లో ప్రత్యేకముగా శాసనమే చేసినది. కాగితముపై అవి మంచి శాసనములే. మఱి పల్లెలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, బేగరి దొర గడీముందు కూలిలేక పనిచేయుట యేల మానలేదు? ఆ మంచి శాసనము రాజభాషలో, కచేరీ బీరువాలో నున్నది. దానిని చదివి చెప్పవలసిన పటేలు పట్వారీలు దొరవారి మనుషులు. వెట్టివానికి చదువు లేదు, చదువు చెప్పుటకు బడి పెట్టవలెనన్న అనుమతి కావలెను. చదివినవాడు నలుగురిని కూర్చి చెప్పవలెనన్న గస్తీ అడ్డము. అందుచేతనే ఆంధ్రజనసంఘమువారు వెట్టిచాకిరిని గూర్చిన సర్కారు ఉత్తరువులను చిన్నపుస్తకములుగా అచ్చువేసి పంచిరి. ప్రభుత్వపు మంచి శాసనమును ప్రజలకు తెలుపుటయే ఒక యుద్యమమైనది! ఆళ్వారుస్వామి కథానాయకుడు కంఠీరవము మోయునది కత్తి కాదు. చదువు, ప్రశ్న, పదిమందిని కూడగట్టుట, ఇవియే వాని సాధనములు. నవలాకారుడు పుస్తకముల మూట మోసినవాడు గనుక ఆ సాధనముల బరువు ఆయనకు తెలియును.

దీనినుండి నేను గ్రహించిన దిది. గస్తీ తిర్పన్ తాను చెడ్డ శాసనమగుటయే కాదు. పక్కనున్న మంచి శాసనములను గూడ చంపినది. నోరు మూయు శాసన మొకటి రాజ్యమున నున్నచో, తక్కినవి న్యాయములా అన్యాయములా యని యడుగుటయే వ్యర్థము. అన్నియు ఒకటే యగును.

జైలు లోపల కథలు ఇంకను ఒక యడుగు ముందుకు పోవును. రాజకీయఖైదీ చెఱసాలనుండి కథ వ్రాయగా తన త్యాగమునే వ్రాయుట సహజము. ఆళ్వారుస్వామి తన్ను పక్కకు పెట్టి, పక్కగదిలోని మామూలు నేరస్థుని వైపు చూచెను. వాడు దొంగ కావచ్చును, అంతకు మించిన నేరము చేసియు నుండవచ్చును. వానిని శిక్షించిన శాసనము అన్యాయమని రచయిత వాదింపడు. వాని కథను వినువా డొక్కడును లేకపోవుటను మాత్రమే చూపును. స్థావరకుని సంకెల ఇక్కడను మ్రోగుచున్నది.

ఆంగ్లమున చదివిన గ్రంథములలో ఈ సత్యమునకు మిక్కిలి దగ్గరగా వచ్చినది సోఫోక్లీసు రచించిన గ్రీకునాటకము ఆంటిగొనే. అన్న శవమును పూడ్చరాదని రాజు క్రియాను శాసించును, చెల్లెలు పూడ్చును. దేవతల ధర్మము పెద్దదా, రాజు శాసనము పెద్దదా యన్న వాదమునకే ఈ నాటకమును మనవారు ఉదాహరింతురు. నాకు ముఖ్యముగా దోచునది రాజకుమారుడు హేమను తండ్రితో చెప్పు మాట. నగరమంతయు ఈ పిల్లకై చీకటిలో గుసగుసలాడుచు వగచుచున్నది గాని, నీ ముఖము చూచి భయపడి నీకు వినబడునట్లు ఒక్కరును పలుకరని అతడు తండ్రికి తెలుపును. క్రియాను వినడు, కొడుకును, భార్యను, సర్వమును పోగొట్టుకొనును. అతని మొదటి శాసనము తప్పు కావచ్చును, కాకపోవచ్చును. నగరముమీదికి దండెత్తి వచ్చినవాని శవమును గూర్చినది గదా. దానిని గూర్చి నగరము నోరు విప్పనీయకపోవుటయే సర్వనాశనమునకు మూలము.

కావున నా కొలబద్ద యిది. శాసనమును చేసినవాడు రాజా, ప్రజలా యని మొదట అడుగవలదు. దాని వలన లాభ మెవరికి అనియు మొదట అడుగవలదు. దాని బరువు మోయువాడు, ఇది నాకు బరువుగా నున్నదని పదిమందిలో నిర్భయముగా చెప్పవచ్చునా? చెప్పవచ్చునేని, ఆ శాసనము లోపముగలదైనను నేడు గాకున్న రేపు చక్కబడును. చెప్పరాదేని, అది యెంత మంచిగా కనబడినను అన్యాయమే.

దీనికి ఆక్షేపణలు గలవు. నోటికి హద్దే లేదా, పరులను చంపుడని ప్రేరేపించు నోటిని ఆపు శాసనమును అన్యాయమేనా యని అడుగవచ్చును. కాదు. పొరుగువాని ప్రాణముమీదికి పోవు మాటను ఆపుట వేఱు. తన వీపుపై బరువును చూపు మాటను ఆపుట వేఱు. నేను చెప్పునది రెండవదానిని గూర్చియే. అన్యాయము కానివన్నియు దీనితో తెలిసిపోవునా యన్న, తెలియవు. నోరు విప్పనిచ్చినంతమాత్రమున న్యాయము జరుగదు. జరుగుటకు దారి యేర్పడును. అంతకంటె గొప్ప కొలబద్ద నాకు దొరకలేదు.

నోటికి దారి యుండుట యెట్టిదో మా మండలమే దేశమునకు ఒకమారు చూపినది. పసుపునకు ధర లేదనియు, పసుపుబోర్డు కావలెననియు మొఱపెట్టి పెట్టి విసిగిన రైతులు, 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు నూటడెబ్బదిమందికి పైగా తామే అభ్యర్థులుగా నిలిచిరి. మొత్తము 185 మంది అభ్యర్థులు! అధికారులు మామూలు యంత్రములు చాలక పెద్ద యేర్పాట్లు చేసికొనవలసివచ్చెను. ఒక చట్టమును మీరక, చట్టము తమకిచ్చిన నామినేషను పత్రమునే నోరు చేసికొని వారు మాటలాడిరి. వారిలో నొక్కరును గెలువలేదు. కాని 2025 జనవరిలో జాతీయ పసుపుబోర్డు నిజామాబాదున ప్రారంభమైనది. అది చేయు మేలెంతో కాలమే చెప్పవలెను. అడుగుటకు చోటున్నందున అడిగిరి; గస్తీ తిర్పన్ దినములలో అది సాధ్యమయ్యెడిది కాదు. ఈ సంగతిని నేను తరగతిలో గర్వముతో చెప్పుదును. చెప్పినంతకాలము, అన్యాయశాసనములు 1948 సెప్టెంబరుతో ముగిసిపోయినవని నా నమ్మకము.

ఇక గడచిన పసుపు కాలమునాటి సంగతి. మా పాఠశాలకు చుట్టుపట్ల పల్లెలనుండి పిల్లలు వత్తురు. ఒక పల్లె పిల్లలు, ఏడెనిమిదిమంది, ఎప్పుడును ఒకేచోట కూర్చుండువారు. వారిలో నొక బాలుడు ఒంటిగా వెనుకబల్లపై కూర్చుండుట నాకు కనబడినది. పిల్లల తగవనుకొంటిని. మూడవనాటికి కారణము తెలిసెను. గుడికి బాట వేయుటకు వాని తండ్రి పసుపుచేనిలో కొంత భాగము ఈయవలెనని ఊరి సంఘము తీర్మానించెను. అతడు ఈయనని, సంఘము తీర్పును కాదని, కోర్టుకు పోయెను. ఊరి సంఘమును దాటి కోర్టుకు పోవుటయే అసలు నేరమని పెద్దలు నిర్ణయించి, జరిమానా వేసిరి. కట్టువఱకు ఆ యింటివారితో మాటలాడినవారికిని జరిమానా. దానిని గుడిమైకులో చాటించిరి.

ఆ సంఘము దుష్టుల కూటమి కాదు. ఊరిలోని ప్రతికులమునుండి మనుషులు దానిలో గలరు. చెఱువుకట్ట బాగుచేయించినది, బోరుబావులు త్రవ్వించినది. మా పాఠశాలకు మంచినీటి తొట్టి కట్టించినదియు ఆ సంఘమే. తీర్మానపు పుస్తకములో ఇంటికొకరు సంతకము చేసియున్నారు. ప్రజలు తమకు తాము చేసికొన్నది న్యాయమన్న నా పాత సమాధానము ప్రకారము దీనికంటె న్యాయమైన శాసనము మఱియొకటి యుండదు. అందులో నున్నది మాత్రము గస్తీ తిర్పన్. ఫిర్యాదు చేయరాదు, చేసినవానితో మాటలాడరాదు.

త్రవ్విన పసుపు నిలువ యుండదు. వెంటనే యుడికించి యెండబెట్టవలెను. ఉడికించు కడాయి ఈయలేదు, కూలీలు రాలేదు, దుకాణమువాడు ఉప్పుగూడ అమ్మలేదు. తండ్రియు తల్లియు ఆ బాలుడును పాతడేగిసాలలో కొంచెము కొంచెముగా రాత్రులు ఉడికించుకొనిరట. బాలుని వ్రేళ్లు పచ్చగానుండి, కన్నులు నిద్రలేక ఎఱ్ఱగా నుండుట నేను చూచితిని. చూచి, ఎనిమిదిదినములు ఊరకుంటిని. "మనకెందుకు సారూ, ఊరోళ్ల ముచ్చట" అని తోడి యుపాధ్యాయు డొకడనెను. నీటితొట్టిని తలంచుకొంటిని. నేను ఆ యూరివాడను కాను. నాకు జరిమానా వేయు నధికారము వారికి లేదు. అయినను నా నోటికి బీగము పడినది. గస్తీ యెట్లు పనిచేయునో ఆ యెనిమిదిదినములలో తెలిసినంతగా ఏ చరిత్రపుస్తకమువలనను నాకు తెలియలేదు. సర్కారు ఠాణాదారు ప్రతియింటిముందును నిలువనక్కఱలేదు. మనమే నిలుతుము.

తొమ్మిదవనాడు దాశరథి పాఠము వచ్చినది. నేను మామూలుగా రాగమెత్తి చదువువాడను. ఆనాడు గొంతు రాలేదు. వెనుకబల్లవైపు చూచి, నీవు చదువుమంటిని. బాలుడు లేచి నిలిచి, తన యూరి పిల్లలవైపొకమాఱు చూచి, "సారూ, నేను చదువొచ్చునా?" అని యడిగెను. ఇరువదియేండ్లలో ఏ విద్యార్థియు నన్నింత కఠినమైన ప్రశ్న అడుగలేదు. చదువుమంటిని. వాడు చదివెను, ఉచ్చారణలో రెండు తప్పులతో. ముగిసినపిదప ఎవరును చప్పట్లు కొట్టలేదు. మఱునాడు ముందుబల్లనుండి ఒక్క బాలిక మాత్రము లేచి, పోయి వాని పక్కన కూర్చుండెను. ఆమెయు ఆ యూరిదే. ఆ యింటికి ఏమి జరిమానా పడినదో నేను విచారింపలేదు. ఇదియు నా పిరికితనములలో నొకటి.

కథ సుఖముగా ముగిసినదని చెప్పుటకు లేదు. నెల తిరుగకముందే తండ్రి జరిమానా కట్టి, కోర్టు వ్యాజ్యమును విరమించుకొని, బాటకు నేల విడిచెను. ఆ కాగితముపై ఇష్టపూర్వకముగా ఇచ్చితినని వ్రాసియున్నదట.

1921 నవంబరున హైదరాబాదులో, వివేకవర్ధినీ రంగశాలలో, సంఘసంస్కారసభ జరుగుచుండగా అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోయిరి. సభవారు కేకలు వేసి, చప్పట్లు చరచి ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినదని మనము చెప్పుకొందుము. ఒక్కటి మఱతుము. ఆనాడు నోరు మూయించినది నిజాము కాదు, గస్తీ కాదు. అధ్యక్షపీఠమున మహర్షి కర్వేవంటి మహానుభావుడు కూర్చుండిన, సంస్కారమే తమ ధర్మమనుకొన్న సభ్యులు. సంస్కర్తలకును ఈ రోగము తగులును. సభలో పెద్దసంఖ్యలో నున్నవారికి తమ కేక శాసనమని తోచదు. అది వినబడుటయే వారికి న్యాయము.

మన సాహిత్యముమీద నాకు గల ఫిర్యాదు ఇచటనే యున్నది. రాజు చేసిన గస్తీ మనకు గొప్ప పద్యముల నిచ్చినది. దొర చేసిన గస్తీ ఆళ్వారుస్వామి వచనము నిచ్చినది. ఇంటికొక సంతకముతో మనమే చేసికొను గస్తీని గూర్చిన గ్రంథము నా చదువులో నాకు దొరకలేదు. దానికి అగ్నిధారవంటి పద్యము సరిపడదు. అందు శత్రువునకు సింహాసనము లేదు, నీటితొట్టి కట్టించిన చేయియే నోరు మూయుచున్నది. దానికి కావలసినది అలంకారములు లేని, ఓర్పుగల, తన్ను తాను విడిచిపెట్టని వచనము. అట్టి వచనము వ్రాయగలవారు పల్లెలలోనే యుందురు. వారిలో సగముమంది జరిమానాకు వెఱచి వ్రాయకుందురు. మహారాష్ట్రమున 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగా నెంచు చట్టము చేసిరి. మంచిదే. కాని మంచి శాసనము బీరువాలో నిద్రించుట యెట్టిదో వెట్టికథ మనకు చెప్పియే యున్నది. దానిని మేల్కొలుపునది పదిమందిలో పలుకు నోరే.

ఈ పత్రికను చదువు గృహస్థులకు నా మనవి ఒక్కటి. అగ్నిధారను పిల్లలచేత చదివింపుడు, కాని చదివించిన సాయంకాలము మీ యింటిలో, మీ వీధిలో, మీ కులసంఘములో ఏ మాట యెత్తరాదని కట్టడి యున్నదో, ఎవరితో మాటలాడరాదని చాటింపు పడినదో, దానిని గూర్చియు పిల్లల నడుగనిండు. సమాధానము మనకు రుచింపకపోవచ్చును. మా బడి నీటితొట్టిపై ఆ సంఘముపేరు నీలిరంగు అక్షరములతో నేటికిని ఉన్నది. ప్రతిదినము ఆ నీళ్లే త్రాగుచున్నాను. ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతి. ఈ యేడు దాశరథి పాఠమునకు ముందు వానిని, ఆ బాలికను, వారి యూరి పిల్లలనందఱను ఒకచోట కూర్చుండబెట్టి, గడచిన యేడు జరిగినదానిని గూర్చి మాటలాడుకొందమని అడుగదలచినాను. పద్యము ఆ తరువాత చదువుకొందుము.